నేరేడు కోటకు అంగీలు

ఎవరివీ కాని రెండు రంగులు వెతకడానికి బెంగళూరు చిక్కపేటలో నాకు సగం రోజు పట్టింది.

ఎరుపు తాను పక్కన పసుపు తాను పెట్టించగానే కొట్టతను, కన్నడ రాజ్యోత్సవానికి జెండాలు ఇప్పుడే కుట్టిస్తున్నారా, మీది ఏ సంఘం అని అడిగాడు. ఆకుపచ్చ పక్కన తెలుపు పెడితే ఒక పార్టీ అయింది. నీలం పక్కన తెలుపు పెడితే బడి యూనిఫారం అయింది. ఎరుపు పక్కన నలుపు పెడితే క్రికెట్ జట్టు గుర్తొచ్చింది. ఏ రెండు రంగులు కలిపినా ఎవరో ఒకరు ముందే జెండా కట్టేసుకున్నారని ఆ రోజే గమనించాను. చివరికి పై అరలో దుమ్ము పట్టి ఉన్న నేరేడు పండు రంగు తాను ఒకటి కనిపించింది. దాని పక్కన వెన్న రంగు వేసి చూశాను. నాకెవరూ గుర్తు రాలేదు. కొట్టతనికీ రాలేదు.

దేనికి సార్ ఇది అని అతను కన్నడంలో అడిగితే, మా అమ్మాయి కోటకి అన్నాను. కోటుకి ఈ గుడ్డ నిలవదు సార్, ఇది కర్టెన్లకు వాడేది అన్నాడు. కోటు కాదు, గోడలూ బురుజులూ ఉంటాయే, ఆ కోట అని చెప్పాను. అతను నా ముఖం ఒకసారి చూసి మీటరు కర్ర తీశాడు.

నిజంగానే మా అమ్మాయికి ఒక కోట ఉంది. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సర్జాపుర రోడ్డులో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అద్దె ఫ్లాట్‌లో ఉంటుంది. సెలవు రోజుల్లో ఆమెలాంటి వాళ్ళు కొందరు సర్జాపురకు ఆవల ఒక నీలగిరి తోపులో చేరి ఒక ఆట ఆడతారు. దాన్ని లార్ప్ అంటారు. తామే కల్పించుకున్న కథలోకి దిగి, తలా ఒక మనిషిగా మారి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కథలోనే మాట్లాడుతూ, తింటూ, పోట్లాడుతూ ఉంటారు. చూసేవాళ్ళంటూ ఎవరూ ఉండకూడదు. తోపులో అడుగుపెట్టిన ప్రతివాడూ కథలో ఎవరో ఒకరు కావలసిందే. ఆ కథలో నాలుగు కోటలుండేవి. స్పాంజి చుట్టిన కత్తులతో కొట్టుకునేవారు, రాయబారాలు నడిపేవారు, ఒకరి జెండా ఒకరు ఎత్తుకుపోయేవారు. మా అమ్మాయి చాలాకాలం వాటిలో ఒక కోటకు మామూలు బంటుగా ఉండి, కొత్తగా చేరినవాళ్ళను, కత్తి పట్టడం సరిగ్గా రానివాళ్ళను, ఏ కోటవాళ్ళూ పిలవనివాళ్ళను పోగుచేసి ఐదో కోట మొదలుపెట్టింది. దానికి దొర ఆమే. దొరసాని అంటే ఒప్పుకోదు. దొరసాని అంటే దొర పెళ్ళాం కదా అంటుంది.

ఎవరు ఏ కోట మనిషో దూరం నుంచే తెలియడానికి వాళ్ళు మామూలు బట్టల మీద ఒక అంగీ వేసుకుంటారు. దాని పేరు టాబర్డ్. పూర్వం విదేశాల్లో యోధులు ఇనప కవచం మీద తమ వంశం గుర్తు కనబడేలా వేసుకునేవారట. మోకాళ్ళ దాకా వచ్చే గుడ్డ ముందొకటి, వెనకొకటి. పైన తల దూరే కంత. చేతులుండవు, పక్కలు కుట్టరు, నడుము దగ్గర నాడాలతో కట్టుకుంటారు. లావువాళ్ళకూ సన్నవాళ్ళకూ ఒకటే కొలత. రొమ్ము మీద కోట గుర్తు.

మిగతా కోటలవాళ్ళందరికీ ఈ అంగీలున్నాయి. కొత్త కోట మొదటిసారి తోపులో నిలబడే రోజు దగ్గరపడుతోంది. అంగీలు లేకపోతే తన మనుషులు కోటవాళ్ళలా ఉండరని, పిక్నిక్కుకొచ్చి దారి తప్పినవాళ్ళలా ఉంటారని, మిగతావాళ్ళు ఒక్కసారి నవ్వితే తను పోగుచేసినవాళ్ళు మళ్ళీ రారని మా అమ్మాయి దిగులు. ఈ దిగులు ఆమె నాతో చెప్పలేదు. వాళ్ళమ్మతో చెప్పింది. అప్పాను అడగనా అని కూడా వాళ్ళమ్మనే అడిగింది.

నేను బొమ్మసంద్రలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ చూసేవాణ్ణి. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. గుడ్డను బల్ల మీద పొరలు పొరలుగా పరుస్తాం. దాన్ని మేం లే అంటాం. పైన ముక్కల ఆకారాలు గీసిన కాగితం వేసి, కరెంటు కత్తితో అన్ని పొరలనూ ఒకేసారి కోస్తాం. ఒక్కసారి కోస్తే వందల చొక్కాల కాలర్లు చేతికొస్తాయి. మా పనిలో తప్పు ఒంటరిగా జరగదు. కత్తి ఒక నూలు పక్కకు జరిగితే అన్ని పొరల్లోనూ అంతే నున్నగా జరుగుతుంది. అందుకే ముందు ఒక్క శాంపిల్ కుట్టి బయ్యరుకు పంపిస్తాం. అతను చూసి, మార్పులు చెప్పి, సరే అన్నాకే కత్తి ముట్టుకుంటాం. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో ఒక కుట్టుమిషను, ఒక పెద్ద కత్తెర, బోలెడంత తీరిక మిగిలాయి. మా అమ్మాయికి అంగీలు కావాలని మా ఆవిడ చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో బయటికి కనబడనివ్వలేదు.

ఆమె నన్ను నేరుగా అడగకపోవడానికి కారణం నేనే. మా పెద్దలు అనంతపురం వైపు నుంచి తరాల కిందట ఈ ఊరికి వచ్చారు. మా ఇంటి తెలుగు పాతది, కన్నడం కలిసినది. అయినా నేను తెలుగు పత్రికలు చదివి, పుస్తకాలు చదివి, నా తెలుగు నిఖార్సైనదని నమ్మేవాణ్ణి. మా అమ్మాయి బడి కన్నడంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు ఇంట్లో మాటే. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో, బంతిలో అందరం కూర్చుని ఉండగా పరుగెత్తుకొచ్చి "అవ్వ వచ్చినాళు" అంది. కన్నడం తోకను తెలుగు మాటకు తగిలించింది. నేను ఆ మాటను ఆమె గొంతుతోనే మళ్ళీ అని చూపించాను. బంతి అంతా నవ్వింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు, చాలామంది ముందు, అలాగే చేశాను. దిద్దుతున్నానని అనుకునేవాణ్ణి. కొన్నేళ్ళకు ఆమె నాతో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. తెలుగు వాళ్ళమ్మకు మిగిలింది.

అలాంటిది ఆ రోజు ఫోను చేసి తెలుగులో మాట్లాడింది.

"అప్పా, మా కోట గుర్తు ఉడ. ఫోటో పంపిస్తా, నువ్వు..."

"తెలుసులే. ఫోటో ఏల నాకు? చిన్నప్పటి నుంచి చూస్తానే ఉండా."

"నిజంగా చూసినావా?" అంది. ఆమె గొంతులో నా మీద గౌరవం లాంటిది వినిపించింది. "గోడ ఎక్కుతా ఉండేట్ల గీయప్పా. తోక పొడుగ్గా ఉండల్ల."

"ఎక్కక ఏం చేస్తాది అది? తోక సంగతి నాకు వదిలిపెట్టు."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను తెలుసు తెలుసు అంటూ ఫోను పెట్టేశాను. తెలుగు మాటల చివర్లు మింగేయడం ఆమెకు అలవాటని నాకు తెలుసు. మింగిన అక్షరాన్ని నేనే చేర్చుకున్నాను. కాగితం తీసుకుని ఉడతను గీశాను.

మంచి ఉడత. ఇప్పుడు కూడా ఆ మాట అనగలను. గోడ మీదికి సాగి, తల పైకెత్తి, తోకను భుజం దాకా వంపు తిప్పి ఉంది. వీపు మీద చారలను వెన్న రంగు గుడ్డలో సందులుగా కోశాను, కింద ఉన్న నేరేడు రంగే చారలై కనబడేటట్టు. దారంతో చారలు కుట్టే పని తప్పింది, పైగా దూరానికి స్పష్టంగా ఉంది. ఈ ఉపాయం తట్టిన రోజు నేను ఇంట్లో ఈల వేస్తూ తిరిగానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

అప్పుడు మాత్రం ఆమె ఆ కాగితం చూసి, "ఉడత ఏం పోట్లాడుతుందండీ? పిల్లను ఒకతూరి అడగరాదా?" అంది. వాళ్ళ ఆట వాళ్ళిష్టం, నాకు అన్నీ చెప్పింది అన్నాను. ఆమె నాడాలు కుట్టడానికి కూర్చుంటూ, "సరే, నాది ఉడతా సాయం" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పాత సహోద్యోగి ఒకరు బొమ్మసంద్రలోనే చిన్న షెడ్డు పెట్టుకుని జాబ్‌వర్క్ చేస్తున్నారు. ఆయన కటింగ్ మిషను మీద, పొరలన్నీ పేర్చి, ముందు అంగీలను, తర్వాత ఉడతలన్నింటినీ ఒకే ఊపున కోశాను. కటింగ్‌వాళ్ళ అలవాటు కొద్దీ రెండు మూడు ఎక్కువే కోశాను. అంగీలు ఇంట్లో కుట్టాను. తల దూరే కంత సాగిపోకుండా లోపలివైపు వేరే గుడ్డ పట్టీ వేసి తిప్పి కుట్టడం, అంచుల మూలలు లావెక్కకుండా ఏటవాలుగా మడవడం, గుర్తు చుట్టూ దారం విడిపోకుండా దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్ వేయడం. ఎవరికోసమో తెలియని చొక్కాలను ఏళ్ళ తరబడి కోసినవాణ్ణి. ఈ అంగీల్లో దూరబోయే తలల్లో ఒక తల నాకు తెలుసు. ఆ తేడా చేతుల్లో తెలుస్తుంది.

శనివారం సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. ఆట రోజుకు ఇంకా రెండు వారాలుంది. నేను ముందే ఇస్త్రీ చేసి, మడతలు సరిచేసి, దొంతర పెట్టి ఉంచాను. ఆమె పై అంగీ తీసి మంచం మీద పరిచింది. పరిచి అలాగే నిలబడిపోయింది. మురిసిపోతోందనుకున్నాను.

"ఇదేందప్పా?"

"ఉడత."

"ఉడత ఏల?"

"నువ్వే కదా చెప్పినావు."

"నేను ఉడ అన్నా."

"అదే కదా, ఉడత."

ఆమె ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. నిలువు బండకు గోళ్ళు దిగేసి అతుక్కున్న ఉడుము. కన్నడంలో ఉడుమును ఉడ అంటారట. ఈ ఊళ్ళో పుట్టి, కన్నడంలో బేరాలాడి, కన్నడంలో తిట్టి, తిట్లు తిని ఇంత వయసు వచ్చినవాడికి ఆ మాట తెలియదు. నా కన్నడం బజారుదీ ఫ్యాక్టరీదీ. అక్కడ ఉడుముతో ఎవరికీ పని పడలేదు.

తెలియకపోవడం తప్పు కాదు. ఆ తర్వాత నేనన్న మాట తప్పు. "ఉడుము అని తెలుగులో చెప్పుంటే ఈ తిప్పలు వచ్చేవా?" అన్నాను.

"నేను సరిగ్గానే చెప్పినా అప్పా. నువ్వే దిద్దినావు."

కోపంగా అనలేదు. అంగీని నేను పెట్టిన మడతల మీదే మళ్ళీ మడిచి దొంతర మీద పెట్టింది. "బాగానే ఉండాయిలే, ఇవే వేసుకుంటాం" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో ఆకలేస్తోందంది. భోజనం దగ్గర నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. వెళ్ళేటప్పుడు అంగీలు తీసుకుపోలేదు. వచ్చే వారం చూద్దాం అంది.

ఆమె వెళ్ళాక మా ఆవిడ ఆ దొంతర పక్కన కూర్చుంది. నన్ను ఏమైనా అంటుందని ఎదురు చూశాను. అంటే నేనూ ఏదో ఒకటి అనవచ్చు. కాసేపటికి, "బయ్యరుకైతే శాంపిల్ చూపకుండా కోసేవారా?" అంది. అంతే అంది.

కోసేవాణ్ణి కాదు. సముద్రాల అవతల ఉండే, ముఖమైనా చూడని బయ్యరు సరే అనందే ఒక్క కాలరు కోసినవాణ్ణి కాదు. అతను ఫోనులో మాట్లాడుతుంటే మధ్యలో తెలుసు అన్నవాణ్ణీ కాదు.

మర్నాడు కాగితాలు, చాక్‌పీసు, మిగిలిన గుడ్డ ముక్కలు సంచిలో వేసుకుని బస్సెక్కి సర్జాపుర రోడ్డుకు వెళ్ళాను. మా అమ్మాయి తలుపు తీసి భయపడింది. అమ్మకు బాగాలేదా అని అడిగింది. చెప్పకుండా నేను ఆ ఫ్లాటుకు వెళ్ళడం అదే మొదటిసారి.

"గుర్తు గురించి మొదటి నుంచి చెప్పు" అన్నాను. "నేను మధ్యలో మాట్లాడను."

"ఏం మొదటి నుంచి?"

"ఉడ ఏల పెట్టుకున్నారో. అంతా."

ఆమె నమ్మనట్టు చూసి, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తన కోటవాళ్ళకు కత్తియుద్ధం రాదని, పరుగు రాదని, అందుకని మిగతా కోటల గుర్తుల్లాగా పులులూ గద్దలూ వద్దనుకున్నామని చెప్పింది. తర్వాత తెలుగులోకి వచ్చింది.

"చిన్నప్పుడు నువ్వు ఫ్యాక్టరీ బస్సు ఎక్కేటప్పుడు నీ కాలు పట్టుకుని వదిలేదాన్ని కాదంట కదా. అప్పుడు ఏదో పట్టు అంటుంటివి. ఏదో జంతువు పట్టు. అది గుర్తుండాది, జంతువు పేరు మర్చిపోయినా."

ఉడుం పట్టు. నోటిదాకా వచ్చింది. మాట్లాడనని చెప్పాను కనక ఊరుకున్నాను.

"నిన్ను అడిగితే నవ్వుతావని మా ఆఫీసులో ఒకతన్ని అడిగినా. గోడ పట్టుకుంటే వదలదు, అదేం జంతువు అని. అతను కన్నడం వాడు. ఉడ అన్నాడు."

నేను నవ్విన నవ్వులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చాయని అర్థమైంది. నా నోటి మాటనే తన కోట మీద పెట్టుకోవాలనుకుని, ఆ మాట ఏమిటో నన్ను అడగలేక, పరాయివాణ్ణి అడిగి తెచ్చుకుంది. దాన్ని కూడా నేను దిద్దేశాను.

చాక్‌పీసు ఆమె చేతికిచ్చాను. తప్పయింది పాపా అన్నాను. ఆమె గుడ్డ ముక్క ఒకటి నేల మీద పరిచి, తల ఇటు ఉండాలి అని గీయడం మొదలుపెట్టింది. గుర్తులో జంతువు తల కుడివైపుకు తిరిగి ఉండాలట, పూర్వపు వంశచిహ్నాలు గీసే విద్యలో అది నియమమట. మామూలుగా అయితే నేను తల ఊపేవాణ్ణి. ఈసారి, కుడి అంటే చూసేవాళ్ళ కుడివైపా, వేసుకున్నవాళ్ళ కుడివైపా అని అడిగాను. ఆమె చాక్‌పీసు ఆపి నన్ను చూసింది. వేసుకున్నవాళ్ళ కుడి అంది. మంచి ప్రశ్న అని కూడా అంది. ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్ళతో ఇలాగే అంటుందేమో.

అంగీలకు కొత్త గుడ్డ తేవడం కుదరలేదు. చిక్కపేటలో ఆ తాను అయిపోయింది. వేరే తానులో నేరేడు రంగు కొంచెం ఎర్రగా తేలింది. అందుకని ఉడతలను విప్పాల్సి వచ్చింది. నేనూ మా ఆవిడా వాకిట్లో ఎండలో కూర్చుని ఒక్కో కుట్టూ తెంపాం. దగ్గరదగ్గరగా వేసిన జిగ్‌జాగ్ కనక తెంపడం కష్టమైంది. నా పనితనాన్ని నేనే తిట్టుకుంటూ తెంపాను. తడిపి, ఆవిరి పట్టి, ఇస్త్రీ చేస్తే సూది రంధ్రాలు చాలావరకు పూడుకున్నాయి. పూర్తిగా పోలేదు. ఉడుము బొమ్మ చాలా భాగం కప్పేసింది గానీ, భుజం దగ్గర ఉడత తోక తిరిగిన చోట సన్నని చుక్కల గీత మిగిలింది. ఫ్యాక్టరీలో అయితే అలాంటి లాటు మొత్తాన్ని నేనే తిప్పి పంపేవాణ్ణి.

ఒక్క అంగీ పూర్తిచేసి మళ్ళీ సర్జాపుర రోడ్డుకు వెళ్ళాను. ఆ గీతను వేలితో చూపించి, ఇది పోదు, ముందే చెబుతున్నా అన్నాను. మా అమ్మాయి దాన్ని తడిమి చూసి, ఉండనీ అంది. ఉడుము గోళ్ళు మాత్రం కనబడటం లేదంది. పట్టు అంతా గోళ్ళలోనే కదా అంది. నిజమే. గోళ్ళు పెద్దవి చేసి చూపించాను.

"బయ్యర్‌నై ఉంటే మొదటి లాటుకే నిన్ను మార్చేసుండేదాన్ని" అంది నవ్వుతూ. అప్పటికి ఆమె నవ్వి ఎన్ని రోజులైందో. నేను, సరే అయితే శాంపిల్ మీద రాసివ్వు, రాయనిదే నేను కోయను అన్నాను. చాక్‌పీసుతో అంగీ లోపలివైపు ఓకే అని రాసింది. ఆ ఒక్క అంగీని ఇప్పటికీ ఉతకనివ్వలేదు.

మిగతావి మూడు రోజుల్లో అయిపోయాయి. విప్పిన ఉడతలను పారేయబుద్ధి కాక మా ఆవిడ వాటిని తిండి సంచుల మీద కుట్టింది.

ఆట రోజు మేమిద్దరం కూడా వెళ్ళాం. చూసేవాళ్ళుగా రానివ్వరు కనక మా అమ్మాయి మాకూ కథలో చోటిచ్చింది. మా ఆవిడ కోటలో వంటశాల పెద్ద. నేను కోట కుట్టుపనివాణ్ణి. ఎక్కువ కోసిన అంగీలు మాకు పనికొచ్చాయి. అద్దం లేదు గానీ, మా ఆవిడను చూసి నేనెలా ఉన్నానో ఊహించుకున్నాను. ఆమె చీర మీద ఆ అంగీ తొడుక్కుని, ఉడత సంచిలోంచి చిత్రాన్నం డబ్బాలు తీస్తూ, ఎవరు తిన్నారు ఎవరు తినలేదని నిజం పాళెగాళ్ళ వంటశాలలో లాగానే గదమాయించింది.

నీలగిరి చెట్ల బూడిద రంగు మధ్య మా వాళ్ళు బారుగా నిలబడ్డారు. నేరేడు రంగు మీద వెన్న రంగు ఉడుములు తోపు అవతలి గట్టు నుంచి కూడా కనబడుతున్నాయని ఎవరో వచ్చి చెప్పారు. నేనూ గట్టుదాకా నడిచి వెళ్ళి చూశాను. కనబడుతున్నాయి. ఒక్క మెడ కంత కూడా సాగలేదు, ఒక్క మూలా ముడుచుకోలేదు. గాలికి అంగీలు లేచి పడుతుంటే ఉడుములు కదిలి ఎక్కుతున్నట్టే ఉంది. నా జీవితంలో నేను కోసిన గుడ్డ కొన్ని దేశాలకు వెళ్ళింది. దాన్ని వేసుకుని నిలబడినవాళ్ళను చూడటం మాత్రం ఇదే మొదలు.

పులి కోట నాయకుడు రాయబారానికి వచ్చి, మీది బల్లి కోటా, మా వంటింట్లో కూడా మీవాళ్ళు ఇద్దరున్నారే అని కన్నడంలో ఎగతాళి చేశాడు. మా అమ్మాయి తన మనుషుల ముందు నిలబడి, అయితే మీ ఇల్లు కూడా మాదే అంది. నవ్వు మా వైపు నుంచి లేచింది. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె మాట్లాడుతుంటే ఎవరూ మధ్యలో మాట్లాడలేదు.

సాయంత్రానికి పెద్ద పోరు మా జెండా చుట్టూ వచ్చింది. ఆ ఆటలో ఒక నియమం ఉంది. జెండా కర్ర మీద ఆ కోట మనిషి చెయ్యి ఒక్కటి ఉన్నా జెండా పోయినట్టు కాదు. ఈల వేసేదాకా నిలిస్తే కోట నిలిచినట్టే. పులి కోటవాళ్ళూ గద్ద కోటవాళ్ళూ కలిసి వచ్చారు. మావాళ్ళకు కత్తులు తిప్పడం రాదు. కత్తి తగిలితే ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. మిగిలినవాళ్ళు కత్తులు వదిలేసి కర్రను పట్టుకున్నారు. చేతుల మీద చేతులు, వాటి మీద చేతులు. నేరేడు రంగు కుప్ప ఒకటి కర్రకు అతుక్కుపోయినట్టు ఉంది. మా అమ్మాయి అడుగున ఉండి, "ఉడుమ పట్టు, ఉడుమ పట్టు" అని అరుస్తోంది. ఉడుము అన్న మాట ఈమధ్యే వాళ్ళమ్మను అడిగి నేర్చుకుందట. చివర అకారం చేర్చేసింది. కన్నడిగులు, మలయాళీలు, బెంగాలీలు అందరూ అదే మాట పట్టుకున్నారు. నీలగిరి తోపంతా ఉడుమ ఉడుమ అని మోగింది.

నేను తిండి సంచుల దగ్గర నిలబడి ఉన్నాను. కర్ర మీద చేతులు పలచబడుతున్నాయి.

"అప్పా, నువ్వు పట్టుకో."

నేను కోట మనిషినేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. పరుగెత్తి, నేల మీద కూలబడి, కర్ర అడుగున ఆమె చేతుల మీద నా రెండు చేతులూ బిగించాను. మీద ఎవరో పడ్డారు. కళ్ళద్దాలు ఎటో పోయాయి. ఉడుమ పట్టు అని నేనూ అరిచాను. పక్కనున్న ఒకరి అంగీని ఎవరో గట్టిగా లాగారు. కుట్టు తెగలేదు. ఆ గొడవలో కూడా అది గమనించాను.

ఈల వినబడింది. నాకు మాత్రం ఆ ఈల దేనికో వెంటనే తెలియలేదు. మీద ఉన్నవాళ్ళు లేచారు, కేకలు వేస్తూ ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు, జెండా మా తల మీదే ఉంది. మా అమ్మాయి చేతులు నా చేతుల కింద ఇరుక్కుని ఉన్నాయి.

"వదులప్పా, అయిపోయింది" అంది. ఆయాసపడుతూ నవ్వుతోంది. "ఉడుమ పట్టు పట్టినావే."

"అవును" అన్నాను. "ఉడుమ పట్టే."